నలభై గంటల శిక్షణతో బాధితుల ముందు కూర్చోబెట్టకండి

రెండు తెలుగు రాష్ట్రాల్లో మధ్యవర్తుల శిక్షణను నిర్ణయించే న్యాయమూర్తులకు, న్యాయసేవల అధికారులకు, శిక్షణ ఇస్తున్న సీనియర్ మధ్యవర్తులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

క్రిమినల్ కేసుల్లో బాధితుల్నీ, నేరం చేసినవారినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే మధ్యవర్తులకు వేరే శిక్షణ ఉండాలని ఇదివరకే రాతపూర్వకంగా కోరాం. అవునని గానీ, కాదని గానీ జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం.

మధ్యవర్తిత్వాన్ని మేం తప్పుపట్టడం లేదు. సుప్రీంకోర్టు 2005లో నియమించిన మధ్యవర్తిత్వ కమిటీ రూపొందించిన 40 గంటల శిక్షణ వల్ల ఎన్నో ఆస్తి తగాదాలు, వ్యాపార లావాదేవీలు ఏళ్ల తరబడి నానకుండా తెమిలాయి. చిక్కల్లా ఆ శిక్షణను అది దేనికి తయారైందో దానికి కాకుండా ఇంకోదానికి వాడటంలో వచ్చింది. 2025 జులై 1 నుంచి 90 రోజులు దేశమంతా నడిపిన మధ్యవర్తిత్వ కార్యక్రమంలో చెక్ బౌన్స్, మోటారు ప్రమాదాల పరిహారం, గృహహింస, రాజీకి వీలున్న క్రిమినల్ కేసులు అన్నీ ఒకే జాబితాలో చేరాయి. ఏ కేసైనా మధ్యవర్తి చేతిలో ఉన్నవి అవే 40 గంటలు.

సివిల్ తగాదాలో ఇద్దరికీ చెరో వాదన ఉంటుంది. ఇద్దరూ కొంత దిగితే మధ్యలో ఎక్కడో తెగుతుంది. తల పగిలిన మనిషికీ, కర్రతో కొట్టిన మనిషికీ మధ్య అలాంటి మధ్య చోటు లేదు. అక్కడ మధ్యవర్తి మర్యాదలో ఇద్దర్నీ సమానంగా చూడాలి గానీ, జరిగిన తప్పు విషయంలో తటస్థంగా ఉండకూడదు. ఇప్పటి శిక్షణ తటస్థతనే మొదటి పాఠంగా నేర్పుతుంది. అదే అలవాటుతో క్రిమినల్ కేసులో కూర్చుంటే, బాధితురాలి చెవికి ఆ తటస్థత "నీ తప్పు కూడా ఉండే ఉంటుంది" అన్నట్టు వినిపిస్తుంది.

బాధితుల్నీ నేరం చేసినవారినీ కలిపి, జరిగిన నష్టాన్ని సరిదిద్దే ఈ పద్ధతి ప్రపంచంలో రెస్టొరేటివ్ జస్టిస్ పేరుతో నడుస్తోంది. దీనికి ఇప్పటి రూపం కెనడాలోని ఎల్మిరాలో మొదలైందంటారు. 1974లో అక్కడ ఇద్దరు కుర్రాళ్లు ఒక్క రాత్రిలో 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. ప్రొబేషన్ అధికారి (జైలుకు పంపకుండా వదిలినవారి నడవడి చూసే అధికారి) సూచన మీద జడ్జి వాళ్లను బాధితుల ఇళ్లకు పంపి, నష్టం ఎంతో తెలుసుకుని కట్టమన్నారు. న్యూజీలాండ్ 1989లో బాలల కేసులకు కుటుంబ సమావేశాల్ని చట్టంలోనే పెట్టింది. ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలి 2002లో ఆమోదించిన మూలసూత్రాలు నాలుగు సంగతులు స్పష్టంగా చెబుతున్నాయి: ఇద్దరూ తమ ఇష్టంతోనే రావాలి, ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు, ఇందులో పాల్గొన్నందుకు నేరం ఒప్పుకున్నట్టు కోర్టులో వాడకూడదు, నడిపేవారికి స్థానిక సమాజం బాగా తెలిసి ఉండాలి. యూరప్ కౌన్సిల్ 2018లో ఇచ్చిన సిఫారసు ఇంకో అడుగు ముందుకేసి, ముందు శిక్షణ, పని చేస్తుండగా శిక్షణ రెండూ ఉండాలంది.

మన చట్టంలో దీనికి చోటు లేదనలేం. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్ కింద రాజీకి వీలున్న నేరాలున్నాయి. ప్లీ బార్గైనింగ్‌లో (నేరం ఒప్పుకుని తక్కువ శిక్ష కోరే పద్ధతి) ఇద్దరికీ సమ్మతమైన పరిష్కారానికి కోర్టు 60 రోజుల వరకు ఇవ్వవచ్చు, అందులో బాధితులకూ మాట ఉంది. నేరాలు, శిక్షలు చెప్పే కొత్త భారతీయ న్యాయ సంహితలో 5,000 రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి శిక్ష పడ్డ వ్యక్తి సొమ్ము తిరిగి ఇస్తే సమాజసేవే శిక్ష. 2015 బాల న్యాయ చట్టం పిల్లల్ని వీలైనంత వరకు కోర్టు దారి పట్టించవద్దంటుంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఎటూ ఉంది. శిక్ష పడ్డాక, కేసు ఫలితంతో సంబంధం లేకుండా జరిగే ముఖాముఖికి అడ్డుచెప్పే నిబంధన కూడా మాకు తెలిసి లేదు. మా దృష్టిలో అన్నిటికంటే నిజాయితీగా జరిగేది అదే, ఎందుకంటే అక్కడ బెయిలూ శిక్ష తగ్గింపూ అనే ఎర ఉండదు.

చోటు లేనివి కూడా అంతే స్పష్టం. అత్యాచారం కేసుల్లో రాజీ ఏ పరిస్థితిలోనూ కుదరదని సుప్రీంకోర్టు 2015లో మధ్యప్రదేశ్ కేసులో చెప్పింది. బెయిలు కోసం నిందితుడు బాధితురాలి చేత రాఖీ కట్టించుకోవాలన్న ఉత్తర్వును 2021లో కొట్టేస్తూ, ఇలాంటి కేసుల్లో రాజీ, మధ్యవర్తిత్వం, పెళ్లి లాంటి సూచనలే చేయకూడదని కింది కోర్టులకు హెచ్చరించింది. పోక్సో, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసులు రాజీ బల్ల మీదికి రాకూడదు. మధ్యవర్తి తలుపు దగ్గరే ఆపాల్సిన ఫైళ్లు ఏవో అతనికి కంఠతా రావాలి. ఇప్పటి శిక్షణలో దీనికి దొరికేది ఒక స్లైడు.

శిక్షణ లేకుండా ఈ పని చేస్తే ఎవరికి ఏం జరుగుతుందో చెబుతాం.

1. బాధితురాలు రెండోసారి దెబ్బ తింటుంది. "ఏదో జరిగిపోయింది, మర్చిపోమ్మా", "కుర్రాడి భవిష్యత్తు పాడవుతుంది", "అన్నలాంటివాడు, క్షమించు" అనే మాటలు మంచి మనసుతోనే వస్తాయి. కానీ క్షమించమని బాధితురాల్ని అడగడం మధ్యవర్తి పని కాదు. బాధితురాలు క్షమించకుండానే ఆ గదిలోంచి తృప్తిగా వెళ్లవచ్చు, క్షమించమని నలుగురిలో ఒత్తిడి పడ్డ మనిషి ఇంటికెళ్లి నెలలు నిద్రపోకపోవచ్చు. మన దగ్గర ఇంకో సంగతుంది. ఊరి పెద్దకు "మీరు", కూలి మనిషికి "నువ్వు" నోటికి అలవాటుగా వచ్చేస్తాయి. మొదటి నిమిషంలోనే ఆ తేడా వినపడితే మిగతా గంటన్నర వృథా. ఇది ఉపన్యాసంతో పోయే అలవాటు కాదు. అభినయ సాధనలో (బాధితుడు, నిందితుడు లాంటి పాత్రలు వేసి చేసే సాధనలో) రికార్డు చేసి, తిరిగి వినిపిస్తేనే తెలుస్తుంది.

2. బలం ఉన్నవాడి మాటే ఒప్పందం అవుతుంది. కొట్టినవాడు పొలం యజమాని, దెబ్బ తిన్నవాడు ఆ పొలంలోనే పని చేసే కౌలుదారు. లేదా ఒకరు వడ్డీకి ఇచ్చినవారు, ఇంకొకరు తీసుకున్నవారు. ఇద్దరూ "ఇష్టంతోనే వచ్చాం" అని సంతకం పెడతారు. పెద్దమనుషుల పంచాయితీలో తప్పు కట్టించి కేసు మాఫీ చేయించడం ఊళ్లకు కొత్త కాదు. కోర్టు భవనంలో కూర్చున్నంత మాత్రాన అదే పంచాయితీ రెస్టొరేటివ్ జస్టిస్ అయిపోదు. మధ్యవర్తి బాధితుణ్ణి విడిగా కలిసి, "ఇది కాదంటే రేపు నీకు ఏం జరుగుతుంది?" అని అడిగి, పని, ఇల్లు, అప్పు, నీళ్లు, దారి వీటిలో ఏది ఎదుటివాడి చేతిలో ఉందో రాసుకోవాలి. ఒక్కటున్నా ముఖాముఖి ఆపి ఆలోచించాలి.

3. మాట పోయి డబ్బు ఒక్కటే మిగులుతుంది. ఇంట్లో దొంగతనం జరిగినవాళ్లకు పోయిన గొలుసు కంటే ఎక్కువగా వేధించే ప్రశ్నలు వేరే ఉంటాయి. మా ఇల్లే ఎందుకు ఎంచుకున్నావు? పిల్లలు ఏ గదిలో పడుకుంటారో నీకెలా తెలిసింది? మళ్లీ వస్తావా? రోడ్డు ప్రమాదంలో కొడుకు పోయిన తండ్రికి చివరి నిమిషాల్లో ఎవరు పక్కన ఉన్నారో తెలియాలి. ఆ సమాధానాలు నేరం చేసిన మనిషి దగ్గర తప్ప ఛార్జిషీటులో దొరకవు. బేరం నేర్చిన మధ్యవర్తి ఈ గదిలోంచి ఆ గదిలోకి అంకెలు మోస్తాడు, ఈ ప్రశ్నలు అడగనే అడగడు. పైగా "ఒప్పుకుంటే పరిహారం వస్తుంది" అని చెప్పడం అబద్ధం. సురక్షా సంహిత 396వ సెక్షన్ కింద బాధితుల పరిహారానికి రాజీతో సంబంధమే లేదు. నేరస్థుడు దొరకని కేసులో కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

4. నిందితుడికీ ప్రమాదమే. విచారణ ముగియక ముందు ముఖాముఖిలో "నేనే కొట్టాను" అన్న మాట బయటికి పొక్కితే, పోలీసు కాని వ్యక్తి ముందు చేసిన ఒప్పుకోలుగా కోర్టుకెక్కవచ్చు. ప్లీ బార్గైనింగ్ దరఖాస్తులో చెప్పింది ఇంకోచోట వాడకూడదని చట్టంలో రక్షణ ఉంది. 2023 మధ్యవర్తిత్వ చట్టం క్రిమినల్ ప్రాసిక్యూషన్‌ను తన పరిధిలోంచి తప్పించింది. రాజీకి వీలున్న నేరాల్ని కోర్టు పంపితే అడ్డుచెప్పదు గానీ, అక్కడ కుదిరింది తీర్పుగా చెల్లదు, కోర్టే మళ్లీ చూడాలి. ఈ రెండింటికీ బయట జరిగే సంభాషణకు గోప్యత ఎవరిస్తారు? నేరం చేయనివాడు సైతం వాయిదాలు తప్పితే చాలని ఒప్పేసుకుంటాడు. ఈ ప్రశ్న వేసుకోని మధ్యవర్తి దగ్గరికి క్లయింటును పంపడానికి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ లాయరు జంకితే తప్పు అతనిది కాదు.

5. కాగితం మీద ముగుస్తుంది, ఊళ్లో ముగియదు. వాయిదాల్లో డబ్బు కడతానన్నవాడు రెండో వాయిదాకే మాయమవుతాడు. "ఇకమీదట గొడవ పడను" అన్న వాక్యానికి ఎవరూ కొలత పెట్టరు. లోక్ అదాలత్ రోజు లెక్కలో కేసు పరిష్కారమైనట్టే ఉంటుంది.

ఇక పని ఎలా జరగాలో చెబుతాం. శిక్షణ అడుగుతున్నది ఈ పనికే.

నిజమైన పని ఇద్దరూ కలవక ముందు ఉంటుంది. ఫైలు రాగానే మధ్యవర్తి మొదట నేరం చేసిన వ్యక్తిని కలవడం మంచిది. అతను అసలు నేరమే కాదంటుంటే బాధితురాలికి ఆశ పెట్టి, మళ్లీ లేదనడం క్రూరం. (బాధితురాలినే ముందు కలవాలనే పద్ధతి కూడా ఉంది, ఆమె కోరి మొదలుపెట్టిన కేసుల్లో అదే సరైనది.) ఒప్పుకోవడంలో మెట్లుంటాయి. "నేను లేను", "ఉన్నాను గానీ అతనే రెచ్చగొట్టాడు", "కొట్టాను, కానీ అంత దెబ్బ కాదు", "కొట్టాను". చివరి మెట్టు దగ్గరికి రానివాణ్ణి గదిలోకి తేకూడదు. మూడో మెట్టు మీదున్నవాడితో ఇంకో విడత మాట్లాడి చూడవచ్చు. తాగి వచ్చినరోజు సమావేశం ఉండదు.

బాధితురాల్ని ఆమె చెప్పిన చోట కలవాలి. పోలీస్ స్టేషన్ ఆవరణలో వద్దు, యూనిఫాం పక్కన ఉండకూడదు. ఆడవాళ్లను కలవడానికి ఇద్దరు మధ్యవర్తుల్లో ఒకరు తప్పకుండా ఆడమనిషి కావాలి. చిన్న కేసుల్లో ఒక్కొక్కరితో కనీసం రెండేసి విడి సమావేశాలు, గాయాలూ మరణాలూ ఉన్న కేసుల్లో నెలల తయారీ అవసరం. ఈ సమావేశాల్లో అడిగేవి నాలుగే: ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏముంది, అప్పటినుంచి ఎవరి బతుకులో ఏం మారింది, కొంతైనా సర్దుకోవాలంటే ఏం కావాలి. "ఎందుకు ప్రతిఘటించలేదు" లాంటి క్రాస్ ఎగ్జామినేషన్ ప్రశ్నలు న్యాయవాదుల నాలుక మీదికి తెలియకుండానే వస్తాయి. వాటిని మాన్పించడానికే శిక్షణలో పెద్ద వాటా పోతుంది.

ఎదురుపడటం ఇష్టం లేకపోతే ఉత్తరం, ఆడియో, మధ్యవర్తి చేత కబురు ఉన్నాయి. అవేమీ తక్కువరకం కావు. ఉత్తరాన్ని మధ్యవర్తి ముందు చదవాలి. "మీకు బాధ కలిగి ఉంటే క్షమించండి" అని రాస్తే వెనక్కి ఇచ్చి, ఏం చేశాడో ఆ పని పేరుతో రాయమనాలి. తానే వాక్యాలు చెప్పి రాయించకూడదు. అరువు తెచ్చుకున్న క్షమాపణ మొదటి చూపులోనే తెలిసిపోతుంది.

గది గురించి పెద్దగా చర్చ జరగదు, నడిపేవాళ్లకే దాని విలువ తెలుసు. రెండు తలుపులు ఉండాలి, రావడానికి వేర్వేరు వేళలు ఇవ్వాలి, వరండాలో ఇద్దరూ తారసపడకూడదు. మధ్యలో బల్ల అడ్డుగా వద్దు. తలుపు దగ్గరి కుర్చీ బాధితురాలిది. నీళ్లు అందేలా ఉండాలి. ఆమె చెయ్యెత్తితే విరామం. ముందు ఎవరు మాట్లాడాలో ఆమే చెబుతుంది. తోడు ఒకరిద్దరు రావచ్చు, పదిమంది కాదు. వాళ్లను కూడా ముందే కలిసి తీరాలి, ఎందుకంటే గదిలో గొంతు లేచేది ఎక్కువగా బావమరిది దగ్గరా పెదనాన్న దగ్గరా. సెల్‌ఫోన్లు బయట. మౌనం వచ్చినప్పుడు మధ్యవర్తి దాన్ని పూరించకూడదు. శిక్షణలో అందరూ తప్పేది ఇక్కడే. కొన్ని సెకన్లు కాగానే "సరే, ఇక విషయానికొద్దాం" అనేస్తారు. చెప్పడానికి కూడగట్టుకుంటున్న మాట అక్కడితో పోతుంది.

జైల్లో అయితే ములాఖాత్ గది పనికిరాదు. జాలీ అవతలి నుంచి, పక్కవాళ్ల అరుపుల మధ్య ఇలాంటి మాట నడవదు. చర్లపల్లి, రాజమహేంద్రవరం లాంటి కేంద్ర కారాగారాల్లో విడిగా ఒక గది, రెండు గంటల నిడివి, గాజు తలుపు అవతల కాపలా సిబ్బంది ఉండేలా ముందే అనుమతి తీసుకోవాలి.

ఒప్పందం తేలిక తెలుగులో, ఎవరు ఏం చేయాలో, ఏ తేదీకో, ఎంతో రాసి ఉండాలి. "రిపేరు చేయిస్తాడు" అని రాస్తే సరిపోదు. "ఫలానా తేదీలోగా గోడ కట్టిస్తాడు, సిమెంటు అతనే కొంటాడు" అని రాయాలి. అతని సంపాదనకు మించి రాస్తే అది ఒప్పందం కాదు, రేపటి తగాదా. 30 రోజులకు, 90 రోజులకు ఇద్దర్నీ విడివిడిగా మళ్లీ కలవాలి. ఒప్పందం కుదరకపోయినా, నెరవేరకపోయినా దాన్ని చూపి శిక్ష పెంచకూడదన్నది 2002 మూలసూత్రాల మాట. ఆ సంగతి ఇద్దరికీ మొదటిరోజే చెప్పాలి.

మేం కోరేవి:

1. ఇప్పటి 40 గంటల పైన, క్రిమినల్ కేసులు చూసే మధ్యవర్తులకు ఇంకో 50 గంటలు. మా లెక్క ఇది: చట్టపు హద్దులకు 6, బాధితుల మానసిక గాయానికి 10, నేరం ఒప్పుకోని మనిషితో పనికి 8, విడి సమావేశాల సాధనకు 12, ముఖాముఖి అభినయానికి 10, ఒప్పందం, తర్వాతి పర్యవేక్షణకు 4. వారాంతాల్లో విడదీసి జరపాలి, ఏకబిగిన వద్దు.

2. తరగతి ముగిసిన వెంటనే ఒంటరిగా కేసు ఇవ్వొద్దు. రెండు కేసులు చూడాలి, మూడు అనుభవజ్ఞుల పక్కన చేయాలి, ఆ తర్వాతే పేరు జాబితాలోకి. నెలకోసారి పర్యవేక్షకుడితో కేసుల చర్చ తప్పనిసరి చేయాలి. ఈ పని చేసేవారి మనసు కూడా అలుస్తుంది.

3. ఎంపికలో న్యాయవాదులకే గుత్తాధిపత్యం వద్దు. సామాజిక కార్యకర్తలు, ప్రొబేషన్ అధికారులు, పారాలీగల్ వాలంటీర్లు (న్యాయసహాయంలో తోడ్పడే కార్యకర్తలు), ఉపాధ్యాయులు ఉండాలి. మహిళలు, దళిత, ఆదివాసీ మధ్యవర్తులు లేకుండా జాబితా ముగించకూడదు. మన్యంలో పనిచేసేవారికి అక్కడి భాష రావాలి.

4. పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు, డిఫెన్స్ లాయర్లకు, స్టేషన్ అధికారులకు ఒక పూట పరిచయ శిక్షణ. ఏ కేసు పంపాలి, ఏది పంపకూడదు అన్నదానికి ఒక పేజీ రాతపూర్వక జాబితా ఇవ్వాలి.

5. విచారణకు ముందు జరిగే ముఖాముఖిలోని మాటల్ని సాక్ష్యంగా వాడకుండా హైకోర్టుల స్థాయిలో మార్గదర్శకాలు. అవి వచ్చేదాకా ఒప్పుకోలు అవసరమయ్యే ముఖాముఖిని శిక్ష పడ్డ తర్వాతి కేసులకే పరిమితం చేయండి.

6. పారితోషికం పెట్టిన గంటలకు ఇవ్వండి, కుదిరిన రాజీకి కాదు. బాధితురాలు వద్దన్నందున ఆపిన కేసుకు కూడా అంతే రావాలి. కుదిరితే ఎక్కువ, కుదరకపోతే తక్కువ అనే పద్ధతి ఉన్నచోట ఒత్తిడి చేయని మధ్యవర్తి నష్టపోతాడు.

7. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో జిల్లా బాలల న్యాయమండలితో మొదలుపెట్టండి. చిన్న నేరాల్లో మండలి విచారణ నాలుగు నెలల్లో ముగియాలి కాబట్టి తయారీకి ఎంత సమయం దొరుకుతుందో ముందే లెక్క వేసుకోవాలి. ఏడాది తర్వాత ఎన్ని కేసులు మూశారో కాదు, బాధితుల్లో ఎంతమంది మధ్యలో మానుకున్నారు, ఎందుకు మానుకున్నారు, ఒప్పందాలు ఎన్ని నెరవేరాయి అన్నవి బయటపెట్టండి.

వీటిలో మొదటిది, అయిదోది, ఆరోది వెంటనే నిర్ణయించదగినవి. కొత్త భవనాలు, కొత్త చట్టం అక్కర్లేదు. ప్లీ బార్గైనింగ్‌లో పరిష్కారానికి చట్టం 60 రోజులు చాలంటోంది. మేమూ అంతే గడువు కోరుతున్నాం. ఒప్పుకోలేని అంశాలుంటే ఏవి, ఎందుకు అన్నది రాతపూర్వకంగా ఇవ్వండి. పాఠ్యాంశాల తయారీలో కూర్చోవడానికి, అభినయ పాఠాలు తెలుగులో రాసి ఇవ్వడానికి మేం సిద్ధం.

ఇట్లు,
క్రిమినల్ కేసుల్లో మధ్యవర్తిత్వం, ప్రొబేషన్, బాధితుల సహాయం చూస్తున్న కొందరు